ఒకే మాట మీద రెండు ఎర్ర పెన్నులు

మొన్నటి సెమిస్టరు నాలుగో వారంలో ఒక కుర్రాడు రెండు కాగితాలు పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. ఒకటి నేను దిద్దిన స్టాటిస్టిక్స్ హోంవర్కు. రెండోది పక్క బిల్డింగ్‌లో ఇంగ్లిష్ కాంపొజిషన్ చెప్పే మా సహోద్యోగి దిద్దిన వ్యాసం. రెండింట్లోనూ అతను దాదాపు ఒకే వాక్యం రాశాడు, రెండు గుంపుల మధ్య తేడా ‘సిగ్నిఫికెంట్’ అని. నా కాగితంలో ఆ మాట పక్కన టిక్కు ఉంది. ఆయన కాగితంలో అదే మాట చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, మార్జిన్‌లో రాసి ఉంది: “ఎవరికి? ఏ రకంగా?”

“మీ ఇద్దర్లో ఎవరు రైటు, ప్రొఫెసర్?” అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

ఇద్దరం రైటే అనడం తేలిక. అదే అన్నాను. అతను వెళ్ళాక మాత్రం కొంచెం సిగ్గేసింది. పదిహేనేళ్ళుగా పాఠంలో ఆ మాట వాడుతున్నాను. మా లెక్కల్లో దాని అర్థం చాలా ఇరుకు. నిజానికి ఏ తేడా లేకపోతే, ఇంత తేడా ఊరికే కాకతాళీయంగా కనబడటం అరుదు అని చెబుతుంది, అంతే. ఆ తేడా ఏనుగంతా చీమ తలకాయంతా అన్నది ఆ మాటకి పట్టదు. గది దాటి ఇంగ్లిష్ క్లాసులోకి వెళ్ళగానే అదే మాట ‘ముఖ్యమైన’ అనే వేషం కడుతుంది. పిల్లలు రోజూ ఆ గడప దాటుతున్నారని నేనెప్పుడూ ఆలోచించలేదు. ఏ టీచరు దగ్గర ఏం రాస్తే మార్కులు పడతాయో పసిగట్టి, అక్కడిది అక్కడ ఇక్కడిది ఇక్కడ అప్పగించేసి గట్టెక్కుతారు. మనం మాత్రం గట్టెక్కింది అలా కాదా?

ఈ గొడవ బయటపడిందంటే కారణం మా రెండు కోర్సులూ జోడీ కావడమే.

అమెరికాలో వీటిని లెర్నింగ్ కమ్యూనిటీలు అంటారు. పేరు ఘనంగా ఉంటుంది కానీ సంగతి చిన్నదే. నేను పనిచేసేది ఒక కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ళ డిగ్రీలిచ్చే చవక కాలేజీలో. ఒకే పాతిక మంది రెండు కోర్సుల్లోనూ కలిసి చేరతారు. ఒకటి తీసుకుంటే రెండోదీ తీసుకోవాలి, ఒకటి వదిలేస్తే రెండోదీ వదిలేయాలి. ఎవరి పాఠం వాళ్ళదే, ఎవరి గ్రేడు వాళ్ళదే. రెండు పాఠాలకీ ఒకదాని సంగతి ఒకదానికి తెలిసి ఉండాలన్నది ఒక్కటే అదనం. ఆ అదనం దగ్గరే బండి బురదలో దిగబడుతుంది.

మా మొదటి ప్రయత్నం రెండేళ్ళ కిందటిది. డీన్ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది: మంగళ, గురువారాల్లో మీ ఇద్దరి టైమ్‌టేబుళ్ళూ కలుస్తున్నాయి, జోడీగా చెబుతారా అని. ఇంగ్లిష్‌నీ స్టాటిస్టిక్స్‌నీ కలపడం వెనక ఉన్న విద్యా తత్వం మొత్తం అదే. ఆగస్టులో ఒకసారి నలభై నిమిషాలు కూర్చున్నాం. ‘అంకెలూ కథలూ’ అని ఒక థీమ్ అనుకుని ఇద్దరి సిలబస్‌ల మీదా అచ్చేశాం. తర్వాత డిసెంబరు దాకా కారిడార్‌లో ఎదురుపడితే చెయ్యి ఊపుకోవడమే.

రిజిస్ట్రేషన్ దగ్గర ఇంకో తమాషా. సాఫ్ట్‌వేర్‌లో ముడి ఒకవైపే పడింది. ఇంగ్లిష్‌లో చేరినవాళ్ళు నా క్లాసులో తప్పనిసరిగా చేరాలి. నా క్లాసులో చేరినవాళ్ళని మాత్రం ఇంగ్లిష్‌లో చేరమని అది అడగలేదు. అలా ఆరుగురు బయటివాళ్ళు వచ్చి కూర్చున్నారు. నేను “మీ ఇంగ్లిష్ వ్యాసంలో చూశారు కదా” అన్నప్పుడల్లా ఆ ఆరుగురూ ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్ళు. మూడో వారానికి ఆ మాటే మానేశాను.

మిగిలిన పంతొమ్మిది మందికి మాత్రం జోడీ బాగానే పనిచేసింది, నేను కోరుకున్నట్టు కాదు గానీ. వారానికి రెండు రోజులు, రోజుకి రెండు క్లాసులు ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ మంచి గట్టి ముఠా అయ్యారు. గ్రూప్ చాట్ పెట్టుకున్నారు. అక్టోబరులో ముగ్గురు ప్రతినిధులు వచ్చి, హోంవర్కు సగానికి తగ్గించాలని పంతొమ్మిది మంది తరఫున విన్నవించుకున్నారు. దీనికి పేరు కూడా ఉంది, హైపర్‌బాండింగ్ అంటారు. విద్యార్థుల మధ్య బంధం ఎంత గట్టిపడుతుందంటే, టీచరు అవతలి పక్షం అయిపోతుంది. పేరు ఉందని తెలిశాక కొంత ఊరట, మనకొక్కళ్ళకే జరగలేదని.

ఆ వేసవిలో ఈ ఆలోచన అసలు ఎక్కడ పుట్టిందా అని చదవడం మొదలుపెట్టాను. వేళ్ళు 1927 దాకా పోయాయి. ఆ ఏడాది విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో అలెగ్జాండర్ మైకిల్‌జాన్ ఎక్స్‌పెరిమెంటల్ కాలేజ్ అని ఒకటి తెరిచాడు. అందులో విడివిడి సబ్జెక్టులు లేవు. మొదటి ఏడాదంతా క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్, రెండో ఏడాదంతా అమెరికా. మధ్యలో వేసవి సెలవుల్లో ప్రతి విద్యార్థీ తన సొంత ప్రాంతం మీద ఒక అధ్యయనం రాసుకుని రావాలి. 1932లో మూతపడింది. ఆయన శిష్యుడు జోసెఫ్ టస్‌మన్ 1965లో బర్క్‌లీలో అలాంటిదే మొదలుపెడితే అదీ నాలుగేళ్ళే నిలిచింది. వాషింగ్టన్ రాష్ట్రంలో 1971లో తలుపులు తెరిచిన ఎవర్‌గ్రీన్ స్టేట్ కాలేజ్ మాత్రం ఈ పద్ధతినే కాలేజీ మొత్తానికీ పునాది చేసుకుంది. ఇద్దరు ముగ్గురు టీచర్లు కలిసి ఒకే పెద్ద కోర్సు నడుపుతారు, విద్యార్థికి ఆ సమయంలో అదొక్కటే చదువు. గ్రేడ్లు ఇవ్వరు, ఎలా చదివాడో మాటల్లో రాసిస్తారు.

ఇవన్నీ గొప్పగానే ఉన్నాయి, మా కాలేజీలో జరిగేవి కావు. ఒకే గదికి ఇద్దరు టీచర్లని పెట్టి ఇద్దరికీ జీతం ఇవ్వమంటే మా బడ్జెట్ ఆఫీసు నవ్వుతుంది. ఎవరి గదిలో వాళ్ళు పాఠం చెప్పుకునే జోడీ కోర్సు బతికి బట్టకట్టడానికి కారణం అది చవక కావడమే అని నా అనుమానం.

నన్ను పట్టేసింది ఇంకొకటి. 1970ల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో పాట్రిక్ హిల్ అనే ఫిలాసఫీ ప్రొఫెసరు ఒక పద్ధతి పెట్టాడు. మామూలు కోర్సులనే ఒక అంశం చుట్టూ గుది గుచ్చి, వాటి మధ్యలోకి ఇంకో శాఖ ప్రొఫెసరుని పంపేవాడు, పాఠం చెప్పడానికి కాదు, నేర్చుకోవడానికి. ఆ ప్రొఫెసరు తనకు రాని కోర్సుల్లో విద్యార్థులతో పాటు కూర్చుని, వాళ్ళు చేసే పనులన్నీ చేసి, తర్వాత వాళ్ళతో చర్చ నడపాలి. ఆ పదవికి మాస్టర్ లెర్నర్ అని పేరు. విద్యార్థుల్లో పెద్ద విద్యార్థి అన్నమాట. ఆ పేజీ దగ్గర ఆగిపోయాను. మా జోడీలో లేనిది ఇదే కదా అనిపించింది. రెండు కోర్సుల్నీ కలపమని పద్దెనిమిదేళ్ళ పిల్లల్ని అడుగుతున్నాం. మేమిద్దరం మాత్రం ఒకరి గదిలో ఒకరు ఒక్క గంట కూడా కూర్చోలేదు.

లెక్కలదాన్ని కాబట్టి అంకెలూ చూశాను. బ్రూక్లిన్‌లోని కింగ్స్‌బరో కమ్యూనిటీ కాలేజీలో ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ లాటరీ వేసినట్టు కొందరు విద్యార్థుల్ని మూడేసి చొప్పున ముడివేసిన కోర్సుల్లోనూ కొందర్ని మామూలు పద్ధతిలోనూ పెట్టి, ఆరేళ్ళు వెంటపడి చూసింది. ముడివేసిన కోర్సుల వాళ్ళు మొదటి సెమిస్టరులో ఎక్కువ కోర్సులు పాసయ్యారు, ఇంగ్లిష్ గండం త్వరగా దాటారు, క్రెడిట్లలో, అంటే కోర్సు పాసైతే డిగ్రీ ఖాతాలో పడే యూనిట్లలో, ఆ ముందంజ నిలిచింది. తర్వాత ఇంకొన్ని కాలేజీల్లో, ఈసారి చదువులో వెనకబడి చేరినవాళ్ళతో అదే పరీక్ష చేస్తే లాభం దాదాపు అరక్రెడిట్‌కి దిగింది, అదీ గురిపెట్టిన సబ్జెక్టు వరకే. తర్వాతి సెమిస్టరుకి తిరిగి రావడంలో తేడా ఏమీ లేదు. అరక్రెడిట్! ఆ అంకె మీద నాకు గౌరవం కలిగింది. విద్యా సమావేశాల్లో వినిపించే ‘జీవితాలు మారిపోయాయి’ కన్నా అరక్రెడిట్ నిజాయితీగా ఉంది. అదే అధ్యయనంలో ఇంకో మాట కూడా ఉంది: అమలులో అన్నిటికన్నా కష్టమైంది రెండు కోర్సుల పాఠాల్నీ నిజంగా కలపడం. ముడి వేశారు, నేత నేయలేదు. మా సంగతీ అంతే.

కాబట్టి రెండోసారి డీన్ అడిగినప్పుడు ఒక షరతు మీద ఒప్పుకున్నాం. మంగళవారం నేను ఆయన క్లాసులో కూర్చుంటాను, గురువారం ఆయన నా క్లాసులో. ఇద్దరం ఎదుటివాళ్ళ అసైన్‌మెంట్లు రాస్తాం. డీన్‌కి అభ్యంతరం లేదు, దీనికి పైసా రాదని మాత్రం ముందే చెప్పేశారు.

మొదటి వ్యాసం ఏడొందల పదాలు. పిల్లలతో పాటే నేనూ రాసి ఇచ్చాను. వారం తర్వాత వెనక్కి వచ్చింది. డేటా సేకరించబడింది, పరిశీలించబడింది, తేడా గమనించబడింది. మొదటి పేజీలోని పదకొండు వాక్యాల్లో తొమ్మిదింటికి ఆయన గీత పెట్టాడు. అడుగున రాశాడు: “ఈ వ్యాసంలో అన్నీ జరుగుతున్నాయి, ఎవరూ చేయడం లేదు.” (చిన్నప్పుడు మా తెలుగు మాస్టారు కూడా ఈ ‘బడు’ని చూస్తే బడితె పుచ్చుకునేవారు. ఇంగ్లిష్‌లో ఆ రోగం తిరగబెట్టి ఇన్నేళ్ళయిందని నాకే తెలీదు.) నన్నడిగి ఆ కాగితాన్ని ప్రొజెక్టర్ మీద వేశాడు. గది నిశ్శబ్దం. వెనక నుంచి ఎవరో మెల్లగా అన్నారు, “ఓహో, మీకూ పడతాయా ఎర్ర గీతలు.”

గురువారం ఆయన వంతు. మొదటి క్విజ్‌లో ఇరవైకి పదకొండు. ప్రామాణిక విచలనం, అదే స్టాండర్డ్ డీవియేషన్, అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే లెక్క. అందులో ఎన్‌తో, అంటే ఎంతమంది ఉంటే అంతతో భాగించాడు, ఎన్ మైనస్ ఒకటితో కాదు. తిరిగి ఇచ్చినప్పుడు చెయ్యెత్తి అడిగాడు: “మనుషులు అయిదుగురుంటే నాలుగుతో ఎందుకు భాగించాలి? అయిదోవాడు ఏం పాపం చేశాడు?”

నేను ఏటా ఆ ప్రశ్నని “పై కోర్సులో వస్తుంది” అని దాటవేస్తాను. యాభై దాటిన ప్రొఫెసరుకి అలా చెప్పలేం కదా. అయిదు అంకెలు బోర్డు మీద రాసి, సగటు కట్టి, ఒక్కొక్కటీ సగటు నుంచి ఎంత దూరంలో ఉందో నాలుగింటికి మాత్రం రాశాను. “అయిదోది మీరే చెప్పండి” అన్నాను. అన్నీ కలిపితే సున్నా రావాలి కాబట్టి అయిదో దూరం చూడకుండానే చెప్పేశారు. అంటే దానికి సొంత స్వేచ్ఛ లేదు, కొత్తగా చెప్పేదేమీ లేదు. మొత్తం ఆరు నిమిషాలు పట్టింది. పిల్లలు గబగబా రాసుకుంటుంటే తెలిసింది, వాళ్ళందరికీ ఈ అనుమానం మొదటి రోజు నుంచీ ఉందని. అడిగితే తెలివితక్కువ అనుకుంటారని ఊరుకున్నారు.

ఒక మంగళవారం మేమిద్దరం వాళ్ళ ఎదుటే పోట్లాడుకున్నాం. నా పాఠంలో ‘శూన్య ప్రతిపాదనని తోసిపుచ్చలేకపోయాం’ అనే వాక్యం ఉంటుంది. శూన్య ప్రతిపాదన అంటే అసలు తేడాయే లేదన్న ఊహ. ఆయనకి అది ఒళ్ళు మంట. రెండు కాదుల్ని కలిపి ఒక అవును చేసే వంకర వాక్యం, సూటిగా ‘తేడా లేదు’ అని రాయొచ్చు కదా అంటాడు. రాయకూడదని నేను. “తాళంచెవి వెతికాను, కనబడలేదు అనడానికీ, ఇంట్లో తాళంచెవి లేదు అనడానికీ తేడా లేదా?” అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, “అయితే ‘వెతికాం, దొరకలేదు’ అని రాయించండి. ఎంత వెతికారో కూడా రాయించండి” అన్నాడు. ఇప్పుడు నా సిలబస్‌లో అలాగే ఉంది. ఎంత వెతికారో అన్నది శాంపిల్ ఎంత పెద్దదన్న ప్రశ్నే. ఆయన అంత సులువుగా చెబుతాడనుకోలేదు.

ఎనిమిదో వారంలో ఉమ్మడి అసైన్‌మెంట్. డేటా పిల్లలదే. చీటీ మీద పేరు లేకుండా రెండు అంకెలు రాసివ్వాలి, వారానికి ఎన్ని గంటలు ఉద్యోగం చేస్తారు, క్లాసు బయట ఎన్ని గంటలు చదువుతారు. ఇరవై మూడు చీటీలొచ్చాయి. బోర్డు మీద ఇరవై మూడు చుక్కలు పెట్టాను. అన్నీ ఎడమ పై నుంచి కుడి కిందికి జారుతున్నట్టున్నాయి, పని పెరిగితే చదువు తగ్గుతోంది. ఒక్క చుక్క మాత్రం కుడిచేతి పై మూలన ఒంటరిగా నిలబడింది. నలభై రెండు గంటలు పని, ఇరవై గంటలు చదువు.

కోరిలేషన్ (రెండు అంకెలు ఎంత జతగా నడుస్తాయో చెప్పే కొలత, సున్నా అంటే సంబంధం లేనట్టు) కడితే మైనస్ 0.14. పి-వాల్యూ, అంటే నిజంగా సంబంధమే లేకపోతే ఇంతగా ఊరికే కనబడే అవకాశం, 0.5 పైమాటే. చెప్పుకోదగ్గ సంబంధమేమీ లేదు. అప్పుడు నేను ఏటా చేసే గారడీ చేశాను. అరచేతి అంచుతో ఆ ఒక్క చుక్కనీ తుడిచేసి, “ఇప్పుడు కట్టండి” అన్నాను. మైనస్ 0.52. పి-వాల్యూ 0.01 దగ్గరికొచ్చింది. “చూశారా, ఒక్క చుక్క! ఔట్‌లయర్, అంటే గుంపుకి దూరంగా పడ్డ విలువ, ఉంటే గీత ఎలా పక్కకి లాగబడుతుందో.” గదిలో ఓ అని చప్పుడు. ఈ పాఠం ఎప్పుడూ పండుతుంది.

పది రోజుల తర్వాత మా సహోద్యోగి నా గదికి వచ్చి ఒక వ్యాసం టేబుల్ మీద పెట్టాడు. “రాసినమ్మాయి ఒప్పుకుంది, మీరు చదవాలి” అని వెళ్ళిపోయాడు. మొదటి వాక్యం ఇది: “గురువారం పదకొండూ ఇరవైకి మా ప్రొఫెసర్ నన్ను అరచేత్తో తుడిచేశారు.”

మూడో వరసలో కూర్చునే అమ్మాయి. ఎక్కువ మాట్లాడదు. ఒక భవనంలో రాత్రి షిఫ్టు, ముందు డెస్కు దగ్గర ఉద్యోగం. అర్ధరాత్రి దాటాక లోపలికి వచ్చేవాళ్ళు దాదాపు ఉండరు. ఆ డెస్కు మీదే పుస్తకం తెరుస్తుంది, నా హోంవర్కు అక్కడే చేస్తుంది. “నా చదువు గంటలు నా పని గంటల లోపలే ఉన్నాయి,” అని రాసింది. “చీటీలో దానికి గడి లేదు. అందుకని నేను వింత చుక్కనయ్యాను.” చివరి పేరాలో: “నేను లేకపోతేనే ఆ ఫలితం సిగ్నిఫికెంట్ అయింది.”

ఆ మాట చుట్టూ ఆయన సున్నా చుట్టలేదు.

నేను ఆ కాగితాన్ని చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను. బాధ ఒకటి, దాని వెనకే వృత్తిపరమైన అవమానం ఇంకొకటి. ఔట్‌లయర్ కనబడితే ముందు ఆ విలువ ఎక్కణ్ణుంచి వచ్చిందో కనుక్కోవాలి, తొలగించడం తర్వాతి మాట అని నేనే పాఠం చెబుతాను. ఆ రోజు కనుక్కోలేదు. చప్పట్లు కావాల్సి వచ్చింది. పైగా తప్పు చుక్కది కాదు, నా చీటీది. పనీ చదువూ రెండు వేరువేరు పెట్టెలనుకుని ప్రశ్న అడిగాను.

ఆమె అనుమతితో తర్వాతి గురువారం చుక్కని మళ్ళీ బోర్డు మీద పెట్టాను. ఎవరిదో చెప్పలేదు, చెప్పనక్కర్లేకుండానే అందరికీ తెలిసినట్టుంది. చీటీలో మూడో ప్రశ్న ఏం ఉండాలి అని అడిగాను. అరగంట వాదించుకున్నారు. ‘పనిలో ఉండగా చదువుకునే వీలుందా’ అనేది చాలదు, ‘ఎన్ని గంటలు’ అని అడగాలి అన్నది ఆ మొదటి కుర్రాడే, రెండు కాగితాలవాడు. ఇంగ్లిష్ ప్రొఫెసరు వెనక బెంచీలోంచి ప్రశ్న మాటల్ని సరిచేశాడు. కొత్త చీటీలు పంచితే, ఆమెలాంటివాళ్ళు ఇంకో నలుగురు తేలారు. వాళ్ళ చుక్కలు అంత దూరంగా లేవు కాబట్టి నాకు కనబడలేదు, అంతే.

సెమిస్టరు అయ్యాక డీన్ ఆఫీసుకి రిపోర్టు ఇవ్వాలి. ఒక గడిలో ‘జోడీ వల్ల ఫలితం’ అని ఉంది. మా జోడీలో ఇరవై మూడు మందికి పంతొమ్మిది మంది పాసయ్యారు. నా మామూలు సెక్షన్‌లో ఇరవై ఏడుకి ఇరవై. చూడ్డానికి బాగుంది కానీ ఇంత చిన్న గుంపుల్లో ఆ తేడాకి అర్థం తక్కువ. పైగా ఇక్కడ లాటరీ ఏమీ లేదు, జోడీలో చేరినవాళ్ళు తామై ఎంచుకుని చేరారు. కాబట్టి ఉన్నదున్నట్టు రాశాను: తేడా సిగ్నిఫికెంట్ కాదు.

సంతకానికి ఆయనకి పంపాను. కాగితం తిరిగొచ్చింది. ఆ మాట చుట్టూ ఎర్ర సున్నా, మార్జిన్‌లో “ఎవరికి?”

కాసేపు ఫోన్‌లో వాదించుకున్నాం. చివరికి ‘వెతికాం, దొరకలేదు, యాభై మందిలోనే వెతికాం’ అని మార్చి, ఆ అమ్మాయి వ్యాసం ఆమె ఒప్పుకుంటే జతచేస్తామని కింద ఒక వాక్యం చేర్చి పంపాం. వచ్చే సెమిస్టరుకి జోడీ మంజూరైంది. రిజిస్ట్రేషన్ ముడి ఈసారి రెండువైపులా పడిందని నేనే కూర్చుని పరీక్షించాను. గదులు మాత్రం మళ్ళీ వేర్వేరు బిల్డింగుల్లోనే ఇచ్చారు.